ఎలియోల్ చరణం

ఆ ఏడు చలికాలంలో నాకు రెండు కావాలి. మా ఆయన హెడ్లీకి మంచు మీద సీల్ జంతువుల వేటకి వెళ్ళే ఓడలో పనికి టికెట్టు దొరకాలి. మా తమ్ముడు ఎలియోల్ ఎలా పోయాడో చెప్పే చరణం పాటలో నిలిచి ఉండాలి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని చిన్నప్పటినుంచీ వింటున్నదాన్నే. నా దాకా వస్తే ఎందుకో ఇముడుతాయనుకున్నాను. ఇప్పుడు ముసలిదాన్నయ్యాను, అయినా తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మా న్యూఫౌండ్‌లాండ్ తీరంలో ఫిబ్రవరి చివరికి ప్రతి ఇంట్లోనూ పిండి పీపా అడుగు కనిపిస్తుంది. చేపల కాలం ఇంకా ఎక్కడో ఉంటుంది. ఈ మధ్యలో నాలుగు వేళ్ళూ నోట్లోకి పోవాలంటే మగాళ్ళు మంచు మీదికి పోవాల్సిందే. పోవాలని ఉంటే చాలదు, కప్తాను తన చేత్తో టికెట్టు ఇవ్వాలి. మా రేవు పక్కనే చలికాలమంతా లంగరు వేసుకుని ఉండే ఆవిరి ఓడకి కప్తాను జేబెజ్ స్టార్క్స్. ఆయన దయ ఉంటే ఇంట్లో పొయ్యి రాజుకుంటుంది, లేకపోతే లేదు.

ఆయన ఓడలోనే కిందటి వసంతంలో ఎలియోల్ పోయాడు. మంచు పలక మీద సీల్ తోళ్ళు కుప్పేసి, జెండా పాతి, "ఓడ వచ్చేదాకా ఇక్కడే నిలబడు" అని వాణ్ణి కాపలా పెట్టారు. కప్తాను ముందు అవతలి కుప్పలు ఎక్కించుకోడానికి పోయాడు. ఈలోగా మంచుతుఫాను లేచింది. మర్నాడు ఓడ వచ్చేసరికి జెండా ఉంది, తోళ్ళున్నాయి, వాడు లేడు. తోళ్ళు ఎక్కించుకున్నారు. "మాట వినకుండా ఎటో పోయాడు, స్వయంకృతం" అని కప్తాను ఓడ పుస్తకంలో రాసేశాడు. మెజిస్ట్రేటు వచ్చి అడిగితే, ఆ ఓడలో ఉన్న మా ఊరి మగాళ్ళంతా టోపీలు చేతుల్లో నలుపుకుంటూ "మేం చూళ్ళేదు దొరా" అన్నారు. ఒక్కడు నోరు విప్పలేదు. మా ఆయన కూడా విప్పలేదు. విప్పితే మళ్ళీ టికెట్టు ఎవడిస్తాడు?

నోరు విప్పని మనిషి పాట కట్టాడు. వేసవంతా వలలు బాగుచేస్తూ గొణుక్కుంటూ ఉండేవాడు. చివరికి ఒక ఆదివారం వంటింట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని, మొదటిసారి పాడాడు.

*రాయి నానబెట్టి రొట్టె అన్నాడు వంటోడు*
*బొగ్గు కాచి వడబోసి టీ అన్నాడు*
*కప్తాను కుక్కైన కన్నెత్తి చూడలేదు*
*మనమేమొ లొట్టలేసి తిన్నామురో*

మేమంతా పడీపడీ నవ్వాం. పడకలో పడుకుంటే ఓడలో చోటు చాలని తోళ్ళొచ్చి లేపడం, తోళ్ళ మీద పడుకుంటే పేలొచ్చి లేపడం, అన్నీ ఉన్నాయి అందులో. నవ్వు ఆగకముందే ఇంకో చరణం వచ్చింది.

*నిలబడమన్న చోటే నిలిచాడు ఎలియోలు*
*కదలమన్న మాట వాడికెవరు చెప్పలేదు*
*తోళ్ళ కోసమొచ్చింది ఓడ తెల్లారినాక*
*మనిషి కోసమైతే మరలి రాలేదు*

మా అమ్మ డోర్కస్ మా దగ్గరే ఉండేది. ఎలియోల్ ఆమెకి ఒక్కగానొక్క కొడుకు. వాడికి సమాధి లేదు, పువ్వు పెట్టడానికి జానెడు నేల లేదు. అందుకని ప్రతి ఆదివారం మధ్యాహ్నం కుర్చీ పొయ్యి దగ్గరికి లాక్కుని, "పాడు నాయనా" అనేది హెడ్లీతో. రొట్టె చరణానికీ పేల చరణానికీ మర్యాదకి నవ్వేది. కొడుకు చరణం వచ్చేసరికి వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చునేది. అది అయిపోయాక లేచి టీ పెట్టేది.

పాటకి రెక్కలొచ్చాయి. తీరం పొడుగునా పాకింది. మా పల్లెలో మాత్రం హెడ్లీ ఒక్కడే పాడేవాడు. మా వైపు అంతే, ఎవరి పాట వారిది. పాట కట్టిన మనిషి గదిలో ఉండగా ఇంకొకడు దాన్ని ఎత్తుకుంటే, వాడి కంచంలో చెయ్యి పెట్టినంత తప్పు.

ఫిబ్రవరిలో కప్తాను టికెట్లు ఇవ్వడానికి వస్తున్నాడని కబురొచ్చింది. వచ్చినరోజు బడి హాల్లో ఊరందరికీ విందు.

"నువ్వు విందుకి రావద్దు. కాళ్ళు పట్టేశాయని చెప్తాను," అన్నాను హెడ్లీతో.

"రాకపోతే అదే అనుమానం. వస్తాను, మూల కూర్చుంటాను, సూపు తాగి వచ్చేస్తాను."

"పాట ఎవరిదని ఆయనడిగితే?"

"ఎవరూ చెప్పరు. రూబెన్‌తో సహా అందరూ ఒట్టేశారు. ఏ పాటా తెలీదంటారు, అంతే."

రూబెన్ మా పక్కింటివాడు, హెడ్లీకి చిన్నప్పటి స్నేహితుడు. కంచు గొంతు. ఎవరైనా ఆ గొంతుని పొగిడితే మాత్రం మనిషి వెన్నలా కరిగిపోతాడు. ఆ మాట నేను హెడ్లీతో అన్నాను కూడా. "వాడికామాత్రం తెలివి లేదనుకున్నావా?" అన్నాడు.

కప్తాను స్టార్క్స్ భారీ మనిషి, నవ్వు మొహం. చెడ్డవాళ్ళు చెడ్డగా కనిపిస్తే మన బతుకులు ఎంతో తేలికయ్యేవి. బఠాణీ సూపు రెండుసార్లు వేయించుకుని తాగాడు, పిల్లల బుగ్గలు పుణికాడు. మూతి తుడుచుకుని కుర్చీ వెనక్కి జరిపాడు.

"నామీద పాట కట్టారట కదా! అవతలి రేవులో ఎవడో పాడుతుంటే సగం విన్నాను. నా కుక్కని కూడా వదల్లేదట. పాపం దానికి ఒకటే బెంగ, పాటలో తన పేరెయ్యలేదని."

హాలంతా నవ్వింది. నవ్వి నోళ్ళు మూసుకుంది.

"ఎవరు పాడతారు? నేనేం అనుకోను. నా పాట నేనే వినకపోతే ఎలా?"

"కీర్తనలు తప్ప మాకేం పాటలొచ్చు బాబూ," అంది ఒక ముసలి గొంతు.

కప్తాను రూబెన్ వైపు తిరిగాడు. "ఏమయ్యా, నువ్వు గుడిలో ఎత్తుకుంటే అవతలి దీవిలో గిన్నెలు మోగుతాయంటారు. నీ అంత గొంతు ఈ తీరంలో లేదట. నువ్వు పాడు."

రూబెన్ మొహం వెలిగిపోయింది. నా చేతిలో గరిటె ఉంది. "తెలీదను, తెలీదను" అని లోపల మొత్తుకుంటున్నాను. తెలీదంటే పోయేది. కానీ గొంతుని అంత మెచ్చుకున్న పెద్దమనిషికి పాట రాదని చెప్పడం వాడికి నామోషీ అయింది.

"రాక కాదు కప్తాను గారూ..." అన్నాడు.

"మరి?"

"పాటగలాయన ఇక్కడే ఉండగా నేను పాడితే ఏం మర్యాదండీ?"

మర్యాద! ఆ మాట వినేసరికి గరిటెతో వాడి నెత్తి పగలగొడదామనిపించింది. అన్నాక వాడికీ తెలిసింది ఏమన్నాడో. నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

మిగతావాళ్ళు హెడ్లీని కాపాడుదామనుకున్నారు. ఒకడు పైకప్పు చూశాడు, ఒకడు బూట్లు చూసుకున్నాడు, ఆడవాళ్ళు సూపులోకి చూశారు. హెడ్లీ కూర్చున్న మూలకేసి మాత్రం ఒక్కరూ చూడలేదు. ఊరు ఊరంతా చూడని మూల ఏదో కనిపెట్టడానికి కప్తానుకి దుర్భిణీ అక్కర్లేకపోయింది. తాపీగా అటు తిరిగాడు.

హెడ్లీ లేచాడు. కుర్చీ హాలు మధ్యకి తెచ్చుకుని, కూర్చుని, కళ్ళు మూసుకున్నాడు. రొట్టె చరణానికి కప్తాను నవ్వాడు. కుక్క దగ్గర తొడ చరుచుకున్నాడు. పేల దగ్గర కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఆశ పుట్టింది. ఇక్కడితో ఆపేస్తే చాలు, టికెట్టు వచ్చేసినట్టే. ఆ ఒక్క చరణం మింగేస్తే చాలు.

హెడ్లీ ఆగి కళ్ళు తెరిచాడు. ఆడవాళ్ళ బల్ల దగ్గర మా అమ్మ వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. హెడ్లీ నా వైపు చూశాడు. తర్వాత మళ్ళీ కళ్ళు మూసుకుని, నిలబడమన్న చోటే నిలిచాడు ఎలియోలు అని ఎత్తుకున్నాడు.

అది అయిపోయాక హాల్లో ముందు చప్పట్లు కొట్టింది కప్తానే. "బాగుంది. గొంతూ బాగుంది, కట్టడమూ బాగుంది," అన్నాడు. నాకు ఆ చప్పట్లు నచ్చలేదు.

మర్నాడు పొద్దున్న దుకాణం ముందు టికెట్లు పంచారు. అందరికీ వచ్చాయి, హెడ్లీకి తప్ప. హెడ్లీ ముందుకెళ్ళి నిలబడితే కప్తాను భుజం తట్టి, "పాటలు కట్టేవాడికి ఓడలో ఇరుకయ్యా. ఇంట్లో కాళ్ళు చాపుకుని విశాలంగా కట్టుకో," అన్నాడట. చుట్టూ ఉన్నవాళ్ళు టికెట్లు జేబుల్లో పెట్టుకున్నారు. హెడ్లీకి లేకపోతే నాకూ వద్దని ఎవడైనా అంటాడని నేను పిచ్చిదానిలా కిటికీ దగ్గర నిలబడి చూశాను.

రూబెన్ గుమ్మం దాకా వచ్చాడు, లోపలికి రాలేదు.

"ఫీనా, నేను కావాలని అన్లేదు."

"తెలుసు. కావాలని అనుంటే బాగుండేది. తిట్టడానికి వీలుగా ఉండేది."

"వెనకటినుంచీ ఉన్న పద్ధతి కదా..."

"ఆ పద్ధతి ఉడకేసి పెడతాను, తింటావా?" అని తలుపేశాను.

మార్చి నెలంతా ఊళ్ళో మగాళ్ళంటే ముసలాళ్ళు, చంటాళ్ళు, మా ఆయన. హెడ్లీ తెల్లారి లేచి కట్టెలు కొట్టేవాడు. మా కట్టెలయ్యాక పక్కవాళ్ళవి కొట్టేవాడు. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు, "నీకేమే ఫీనా, మొగుడు వెచ్చగా ఇంట్లోనే ఉన్నాడు" అని ముసిముసిగా నవ్వేవారు. ఎండురొట్టె నానబెట్టుకుని, చేప తలలు ఉడకేసుకుని నెట్టుకొచ్చాం. బెల్లప్పాకం అయిపోయింది, టీ చేదుగానే తాగాం. మా అమ్మ తన రొట్టె సగం తుంచి, ఆకలి లేదని అబద్ధమాడి, హెడ్లీ కంచంలో వేసేది. నాకది చూస్తే ఏడుపొచ్చేది, కోపం వచ్చేది, ఎవరి మీదో తెలిసేది కాదు. దొరికింది మొగుడే కాబట్టి ఆయన మీదే చూపించాను.

"ఆ ఒక్క చరణం మింగలేకపోయావా? నోట్లో ముల్లు గుచ్చుకునేదా?" అన్నాను ఒకరోజు.

హెడ్లీ గొడ్డలి పక్కన పెట్టాడు. "నువ్వు వద్దన్నావా?"

"వద్దని వెయ్యిసార్లు చెప్పాను!"

"ఇంట్లో చెప్పావు. హాల్లో నీ వైపు చూశాను కదా ఫీనా. అప్పుడు నీ మొహం వద్దనలేదు."

నిజమే. కప్తాను మొహం మీద ఎలియోల్ పేరు కొట్టాలని నాకూ ఉంది. ఆ క్షణాన పిండి పీపా గుర్తే లేదు. ఇద్దరం చెరో మూల కూర్చున్నాం, ఆ పూట ఎవరూ వండలేదు.

ఏప్రిల్‌లో ఓడ నిండుగా తిరిగొచ్చింది. ఎవరి ప్రాణమూ పోలేదు. ఆదివారం మధ్యాహ్నం రూబెన్ గోనెసంచిలో సీల్ ఈతరెక్కలు వేసుకుని వచ్చాడు. తాజా మాంసం మొహం చూసి ఎన్నాళ్ళైందో! తలుపు తియ్యక ఏం చేస్తాను? ఉల్లిపాయ లేకుండానే బాణలి పొయ్యిమీద పెట్టాను. మా అమ్మ కుర్చీలో ఉంది. హెడ్లీ వల బాగుచేస్తున్నాడు.

రూబెన్ బల్ల దగ్గర కూర్చుని, జేబులోంచి ఒక చీటీ తీసి పెట్టాడు.

"వచ్చే ఏటికి నీ టికెట్టు. కప్తాను స్వయంగా ఇచ్చి పంపాడు," అన్నాడు ఒళ్ళంతా నవ్వుతూ.

హెడ్లీ చేతిలో సూది ఆగిపోయింది. "ఏం పుట్టింది ఆయనకి?" అన్నాను.

"నీ పాటే అన్నా! ఓడెక్కిన మొదటి ఆదివారమే పిలిచాడు. 'పాటగలాయన లేడుగా ఇక్కడ, ఇప్పుడు పాడటానికేం?' అన్నాడు. నిజమేగా, అడ్డేముంది? పాడాను. ఇంక ప్రతి ఆదివారం అదే పని. తాళం వేస్తాడు, కుక్క చరణం రెండుసార్లు పాడిస్తాడు. వేరే ఓడ కప్తాను వస్తే పిలిచి మరీ వినిపించాడు. 'నా మీద పాటుంది, నీ మీదుందా' అని ఒకటే గొప్ప!"

"మా రొట్టె మీద పాట, ఆయన గొప్పకి పనికొచ్చిందన్నమాట," అన్నాను.

"పోనిద్దూ. టికెట్టొచ్చింది కదా."

హెడ్లీ నెమ్మదిగా అడిగాడు. "అన్ని చరణాలూ పాడించాడా?"

రూబెన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఒక్కటి తప్ప. అది పాడితే కుర్రాళ్ళు డీలాపడుతున్నారు, తీసెయ్యమన్నాడు. నువ్వొచ్చి పాడినా సరే, అది లేకుండా పాడాలన్నాడు. అదొక్కటే ఆయన మాట. పాట బాగానే ఉందన్నా అది లేకపోయినా."

హెడ్లీ చీటీ చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. నేను ఆయన మొహంలోకి చూశాను, ఆయన నా వైపు చూడలేదు.

"ఎలా పాడుతున్నారో పాడు, విందాం," అన్నాడు.

"నువ్వుండగానా?"

"నేనే పాడమంటున్నా కదా."

రూబెన్ పాడాడు. వాడి గొంతు ఎప్పుడూ బాగుంటుంది. రొట్టె, టీ, కుక్క, తోళ్ళు, పేలు, ఒకదాని వెనక ఒకటి గలగలా వచ్చేశాయి. ఎలియోల్ ఉండాల్సిన చోట గొంతు తడబడుతుందేమోనని చెవులు రిక్కించాను. ఎక్కడా తడబడలేదు. అతుకు కూడా కనపడలేదు. పేలు దాటి పాట నేరుగా ఓడ రేవుకి చేరే చరణంలోకి వెళ్ళిపోయింది. మా పద్ధతి ప్రకారం చివరి మాట పాడకుండా మామూలుగా పలికి ముగించాడు.

మా అమ్మ వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. "వాడిది ఎప్పుడొస్తుంది నాయనా?" అంది.

"అయిపోయింది అత్తా," అన్నాడు రూబెన్.

"వాడిది రాలేదుగా."

"అది... అది ఇప్పుడు పాడటం లేదత్తా."

మా అమ్మ రూబెన్ వైపు తిరిగింది. "ఎందుకని? వాడు సరిగ్గా నిలబడలేదా?" అంది.

రూబెన్ నేలకేసి చూశాడు. హెడ్లీ చేతిలో చీటీ ఇంకా అలాగే ఉంది. ఈయన నోరు తెరుస్తాడని చూశాను. తెరవలేదు. బాణలి దింపేసి నేనే ఎత్తుకున్నాను. నాకు శ్రుతి లేదు, ఎప్పుడూ లేదు. రెండో పాదం దగ్గరే గొంతు జీరపోయింది. హెడ్లీ ఆ పాట ఎప్పుడు పాడినా చరణం చివరి పాదానికి అందరూ గొంతు కలిపేవాళ్ళు. ఆరోజు ఒక్కరూ కలపలేదు. ఒక్కదాన్నే పాడి, చివరి మాట పలికి, కళ్ళు తుడుచుకుని మాంసం తిరగేశాను. మా అమ్మ లేచి టీ పెట్టింది. రూబెన్ తాగకుండానే వెళ్ళిపోయాడు.

చీటీ గురించి ఆ తర్వాత నేనూ హెడ్లీ ఒక్క మాట అనుకోలేదు. చింపెయ్యమని నేననలేదు. చింపుతానని ఆయన అనలేదు. గడియారం వెనక పెట్టాడు, ఏడాదంతా అక్కడే ఉంది. దుమ్ము దులిపినప్పుడల్లా దాని చుట్టూ తుడిచేదాన్ని. ఆ ఏడాదిలో హెడ్లీ మా వంటింట్లో పాడలేదు, మా అమ్మా పాడమని అడగలేదు. ఆదివారాలు మధ్యాహ్నం ముగ్గురం ఊరికే కూర్చునేవాళ్ళం.

మరుసటి మార్చిలో ఆయన వెళ్ళాడు. మూట నేనే కట్టాను. ఉన్ని మేజోళ్ళు పెట్టాను, ఓట్స్ పిండి పెట్టాను, సూదీ దారం పెట్టాను. నన్నేం చెయ్యమంటారు? పిండి పీపాకి మా తమ్ముడి సంగతి తెలీదు కదా.

ఓడ కదిలేరోజు మా అమ్మ కూడా రేవుకి బయలుదేరింది. మోకాళ్ళ నొప్పులతో మంచులో అంత దూరం వద్దంటే వినలేదు, కప్తాన్ని దగ్గరగా చూడాలంది. పెట్టెలోంచి నల్ల శాలువా తీసి కప్పుకుంది. మేం వెళ్ళేసరికి ఆయన నిచ్చెన దగ్గర నిలబడి ఉన్నాడు. మా అమ్మ నేరుగా వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడి మొహంలోకి చూసింది. కప్తాను చటుక్కున టోపీ తీశాడు. "నమస్కారమమ్మా, జాగ్రత్త, ఇక్కడ జారుతుంది," అని చెయ్యి అందించి గట్టు మీదికి ఎక్కించాడు. నవ్వి, తన పని మీద తను వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చే దారిలో సగం దూరం మా అమ్మ, ఆయన పట్టుకున్న చేతిని శాలువాతో తుడుచుకుంటూ నడిచింది.

"నేనెవరో ఆయనకి తెలీదే ఫీనా," అంది.